ఖాళీ డిస్కుకు పహాణీ రాయడం ఎలా?



వార్షికోత్సవ సంచికకు నలుగురికీ పనికొచ్చే వ్యాసం ఒకటి రాసివ్వమని వార్డెన్ సార్ మమ్మల్ని అడిగారు. కథ రాద్దామా, కవిత రాద్దామా అని చాలాసేపు ఆలోచించాం. చివరికి మేము చేసిన ఒక పెద్ద పొరపాటు గురించి, దాని పుణ్యాన నేర్చుకున్న ఒక చిన్న విద్య గురించి రాద్దామనుకున్నాం. కంప్యూటర్ డిస్కు మీద కొత్త ఫైల్ సిస్టమ్ తయారుచేయడమే ఆ విద్య. దీన్నే మామూలుగా అందరూ ‘ఫార్మాట్ కొట్టడం’ అంటారు.

మేమంటే ముగ్గురం. ఒకరిది గద్వాల దగ్గరి పల్లె, ఒకరిది వనపర్తి, ఇంకొకరిది నాగర్‌కర్నూల్ వైపు. 2016 అక్టోబర్ 11న ఈ మూడూ వేరువేరు జిల్లా కేంద్రాలయ్యాయి గాని అంతకు ముందు అంతా ఒకటే మహబూబ్‌నగర్ జిల్లా. హాస్టల్‌లో ఒకే గదిలో ట్రంకు పెట్టెలు పక్కపక్కన పెట్టుకుని చదువుకున్నాం. మా మూడు ఇళ్ళలోనూ డిగ్రీ పట్టా తెచ్చుకున్న మొదటివాళ్ళం మేమే. ఇప్పుడు పీజీ చదువుతున్నాం. రాస్తున్న చెయ్యి ఒకటే అయినా తప్పు ముగ్గురిదీ, నేర్చుకున్నదీ ముగ్గురమూ కలిసే. అందుకే ‘మేము’ అని రాస్తున్నాం.

అసలు జరిగిందేమిటి?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే మద్దతు ఆగిపోయింది. హాస్టల్‌లో ఉన్న పాత కంప్యూటర్లకు విండోస్ 11 ఎక్కించే శక్తి లేదు. వాటిని మూలన పడేయకుండా లినక్స్ వేసిస్తామని మేము ముందుకొచ్చాం. లినక్స్‌కు డబ్బు కట్టనక్కర లేదు, పాత యంత్రం మీద కూడా నడుస్తుంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ‘స్వేచ్ఛ’ అనే సంస్థ తెలుగులో కనిపించే లినక్స్‌ను కూడా తయారుచేసిందని తెలిసి మాకు ఇంకా హుషారు పుట్టింది.

సెలవుల్లో వచ్చి పని మొదలుపెట్టాం. రెండు బయటి డిస్కులు మా ముందు ఉన్నాయి. ఒకటి కొత్తది, 500 జీబీ. రెండోది పాతది, అంతే సైజు. పాతదాంట్లో ఏళ్ళ తరబడి తీసిన వార్షికోత్సవాల ఫోటోలు, పిల్లల కుల ధ్రువీకరణ పత్రాల స్కానింగ్‌లు, మెమోల కాపీలు ఉన్నాయి. కొత్త డిస్కుకు లినక్స్ ఫైల్ సిస్టమ్ వేసి, పాతదాంట్లోవన్నీ అందులోకి ఇంకో కాపీ తీసి భద్రపరచాలన్నది మా ఆలోచన. అంటే మేము చేయబోయింది కాపాడే పనే.

మొదటి రోజు కొత్త డిస్కు పెట్టి చూస్తే దాని పేరు ‘ఎస్‌డిబి’ అని కనిపించింది. కాగితం మీద రాసుకున్నాం. అంతలో కరెంటు పోయింది. తెల్లారి వచ్చి రెండు డిస్కులూ తగిలించాం. ఈసారి పాతది ముందు తగిలించాం. కాగితం మీద ఉన్న పేరే చూసి ఆజ్ఞ కొట్టాం. తెర మీద ఇంగ్లీషులో ఏదో ఒక ప్రశ్న వచ్చింది. ఎప్పుడూ వచ్చేదే కదా అని చదవకుండానే ‘వై’ నొక్కి ఎంటర్ కొట్టాం. కొన్ని క్షణాల్లో పని అయిపోయింది.

అయ్యాక గాని తెలియలేదు, మేము తుడిచింది పాత డిస్కును.

మాలో ఒకరి అమ్మ గద్వాల వైపు విత్తన పత్తి చేలల్లో క్రాసింగ్ పనికి పోయేది. 2015లో ఒక రోజు కూలి పోగొట్టుకుని హాస్టల్ వార్షికోత్సవానికి వచ్చింది. స్టేజీ పక్కన నిలబడితే ఎవరో ఫోటో తీశారు. ఆ మరుసటి ఏడాదే ఆమె చనిపోయింది. ఆధార్ కార్డు మీది మసక బొమ్మ తప్ప ఆమెకు ఇంకో ఫోటో లేదు. ఉన్న ఆ ఒక్కటీ ఆ డిస్కులోనే ఉంది.

తర్వాత ఏమైందో చివర్లో చెప్తాం. ముందు ఆ ఆజ్ఞ అసలు ఏం చేస్తుందో తెలుసుకుంటేనే మిగతాది అర్థమవుతుంది.

ఫైల్ సిస్టమ్ అంటే ఏమిటి?

మన ఊళ్ళో భూమిని తలచుకోండి. భూమి ఎప్పటి నుంచో ఉంది. కాని ఏ చెలక ఎవరిదో, ఎన్ని గుంటలో, ఏ సర్వే నంబరో రాసిన పుస్తకం లేకపోతే ఆ భూమితో ఏ పనీ సాగదు. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయ్యేదాకా ఆ పుస్తకం పట్వారీ చేతిలో ఉండేది. తర్వాత రెవెన్యూ ఆఫీసుకు పోయింది. 2020లో ధరణి వచ్చింది, 2025లో భూభారతి వచ్చింది. రాసే పద్ధతి మారింది గాని భూమి ఉన్నచోటే ఉంది.

డిస్కు కూడా అంతే. అది ఒట్టి భూమి. అందులో కోట్ల సంఖ్యలో చిన్న చిన్న గళ్ళున్నాయి. ఏ గడిలో ఏ ఫైలు ఉందో, ఏ గడి ఖాళీగా ఉందో రాసిపెట్టే పద్ధతికే ఫైల్ సిస్టమ్ అని పేరు. కొత్త ఫైల్ సిస్టమ్ తయారుచేయడం అంటే ఖాళీ పహాణీ పుస్తకం ఒకటి తెచ్చి, గీతలు గీసి, మొదటి పేజీ మీద ముద్ర వేసి పెట్టడం.

ఇందులో నాలుగు ముఖ్యమైన భాగాలున్నాయి.

మొదటిది సూపర్‌బ్లాక్. మన భూమి రికార్డులన్నిటికీ మూలం సేత్వార్ అంటారు కదా, ఇది అలాంటిది. మొత్తం ఎన్ని గళ్ళు, ఒక్కో గడి ఎంత, ఎన్ని ఖాళీ, ఇది ఏ రకం ఫైల్ సిస్టమ్ అన్నవి ఇందులో ఉంటాయి. ఇది పాడైతే మిగతాదంతా చదవడం కష్టం. అందుకే దీని నకళ్ళు డిస్కు మీద ఇంకొన్ని చోట్ల కూడా రాసి ఉంచుతారు.

రెండోది ఐనోడ్. ఇది ఖాతా నంబరు లాంటిది. ఒక్కో ఫైలుకు ఒక్కో ఐనోడ్. ఆ ఫైలు ఎవరిది, సైజు ఎంత, ఎప్పుడు మార్చారు, ఏయే గళ్ళలో ఉంది అన్నవి ఇందులో ఉంటాయి. విచిత్రం ఏమిటంటే ఫైలు పేరు మాత్రం ఇందులో ఉండదు.

మూడోది డైరెక్టరీ, అంటే మనం ఫోల్డర్ అనేది. పేరుకు ఎదురుగా ఐనోడ్ నంబరు రాసిన జాబితా ఇది. పట్టాదారు పేరు చూసి ఖాతా నంబరు పట్టుకుంటాం, ఖాతాను బట్టి సర్వే నంబర్లు పట్టుకుంటాం కదా. కంప్యూటర్ కూడా పేరు నుంచి ఐనోడ్‌కు, ఐనోడ్ నుంచి గళ్ళకు పోతుంది.

నాలుగోది బిట్‌మ్యాప్. ఇది మన హాజరు పట్టిక. గడి నిండి ఉంటే 1, ఖాళీగా ఉంటే 0. కొత్త ఫైలు వచ్చినప్పుడు ఎక్కడ చోటుందో దీన్ని చూసే తెలుసుకుంటారు.

ఇవి కాక జర్నల్ అని ఇంకొకటి ఉంది. వనపర్తి మార్కెట్‌లో అడ్తి దుకాణం చూసినవాళ్ళకు ఇది సులభంగా అర్థమవుతుంది. పల్లికాయ బస్తాలు దిగుతుంటే షావుకారు ముందు చిట్టాలో రాసుకుంటాడు, తర్వాత తీరికగా ఖాతా పుస్తకంలోకి ఎక్కిస్తాడు. మధ్యలో ఏదైనా అడ్డం వచ్చినా చిట్టా చూసి సరిచేసుకోవచ్చు. జర్నల్ కూడా అంతే. కరెంటు ఉన్నట్టుండి పోతే, మళ్ళీ ఆన్ చేసినప్పుడు లినక్స్ ఆ చిట్టా చూసి సగంలో ఆగిన పనిని సరిచేస్తుంది. అయితే మామూలు పద్ధతిలో ఇది లెక్కలను మాత్రమే కాపాడుతుంది, మీరు సేవ్ చేయని వ్యాసాన్ని కాదు. సేవ్ చేయడం మీ పనే!

ఏ రకం వేయాలి?

లినక్స్‌ను లినస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టారు. అప్పుడు అందులో వాడింది మినిక్స్ అనే ఫైల్ సిస్టమ్. దానికి 64 ఎంబీ మించి చోటు చేతకాదు, ఫైలు పేరు 14 అక్షరాలు దాటకూడదు. ఈ ఇబ్బంది తీర్చడానికి రెమీ కార్డ్ అనే ఆయన 1992 ఏప్రిల్‌లో ‘ఎక్స్‌ట్’ను, 1993లో ‘ఎక్స్‌ట్2’ను తయారుచేశారు. దానికి జర్నల్ కలిపి ‘ఎక్స్‌ట్3’ అన్నారు. అది 2001లో లినక్స్‌లో చేరింది. 2008 డిసెంబరులో ‘ఎక్స్‌ట్4’ వాడకానికి సిద్ధమైంది. చాలా లినక్స్‌లలో ఇప్పటికీ మామూలుగా వేసేది ఇదే. అనేక ఆండ్రాయిడ్ ఫోన్లలో కూడా లోపల ఉండేది ఎక్స్‌ట్4 లేదా ఎఫ్2ఎఫ్‌ఎస్. ఫోన్‌లో ఫ్యాక్టరీ రీసెట్ కొట్టినప్పుడు లోపల జరిగేది కూడా ఈ పనే.

డిస్కు లినక్స్ కంప్యూటర్‌లోనే ఉండేదైతే ఎక్స్‌ట్4 మంచిది. పెన్‌డ్రైవ్ తీసుకుని జిరాక్స్ సెంటర్‌కు పోయి హాల్ టికెట్ ప్రింట్ తీసుకోవాలంటే ఎక్స్‌ట్4 పనికిరాదు. అక్కడ ఉండేది చాలావరకు విండోస్. దానికి ఎక్స్‌ట్4 తనంత తానుగా చదవడం రాదు. పైగా ‘ఈ డిస్కును వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?’ అని అడుగుతుంది. అక్కడ కంగారుపడి ‘సరే’ నొక్కారా, మీ ఫైళ్ళ దారి తెగిపోతుంది. అలాంటి పెన్‌డ్రైవ్‌కు ఫ్యాట్32 గాని, ఎక్స్‌ఫ్యాట్ గాని వేసుకోవాలి. ఫ్యాట్32లో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు. ఎక్స్‌ఫ్యాట్‌కు ఆ ఇబ్బంది లేదు. 2019 నుంచి లినక్స్ కూడా దాన్ని సొంతంగానే చదవగలుగుతోంది.

ఆజ్ఞ కొట్టే ముందు

సంచిక మొత్తం తెలుగు అక్షరాల్లోనే వస్తుంది కాబట్టి ఆజ్ఞలను పలికినట్టే రాస్తున్నాం. కీబోర్డు మీద వాటిని చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. ‘పెద్ద’ అని చెప్పినచోట మాత్రమే పెద్ద అక్షరం.

మొదటి మెట్టు, చూడటం. ‘ఎల్‌ఎస్‌బిఎల్‌కె’ అని కొట్టి ఎంటర్ నొక్కండి. కంప్యూటర్‌కు తగిలించిన డిస్కులన్నీ వరుసగా కనిపిస్తాయి. మామూలుగా ఎస్‌డిఏ, ఎస్‌డిబి, ఎస్‌డిసి అని పేర్లుంటాయి. ఎస్‌డిబి అంటే మొత్తం డిస్కు, ఎస్‌డిబి1 అంటే అందులో మొదటి భాగం. ఇదే ఆజ్ఞ చివర ‘-ఎఫ్’ చేరిస్తే దేని మీద ఏ ఫైల్ సిస్టమ్ ఉందో, దాని లేబుల్ ఏమిటో కూడా చూపిస్తుంది.

ఇక్కడే మేము బోల్తా పడ్డాం. ఈ పేర్లు శాశ్వతం కావు. కంప్యూటర్ ఏ డిస్కును ముందు గుర్తిస్తే దానికి ముందు అక్షరం ఇస్తుంది. బస్సులో ముందు ఎక్కినవాడికి ముందు సీటు దొరికినట్టు. నిన్నటి ఎస్‌డిబి ఇవాళ ఎస్‌డిసి కావచ్చు. కాబట్టి ఆజ్ఞ కొట్టే ప్రతిసారీ, అప్పటికప్పుడు మళ్ళీ చూడాలి. పేరు ఒక్కటే కాదు, సైజు, లేబుల్, కంపెనీ మోడల్ కూడా కలిపి చూడాలి. అన్నిటికంటే మంచి పద్ధతి, పనిలేని డిస్కులన్నీ ఊడదీసి పక్కన పెట్టడం.

రెండో మెట్టు, హద్దులు. కొత్త డిస్కు మీద ముందు భాగాలు చేయాలి. వీటినే పార్టిషన్లు అంటారు. ‘ఎఫ్‌డిస్క్’, ‘పార్టెడ్’ అనే ఆజ్ఞలు ఈ పని చేస్తాయి. పార్టిషన్ అంటే పొలం గట్టు, ఫైల్ సిస్టమ్ అంటే ఆ గట్టు లోపలి భూమికి రాసిన పహాణీ. రెండూ ఒకటి కాదు. గట్టు వేసినంత మాత్రాన పహాణీ రాదు.

మూడో మెట్టు, దింపడం. డిస్కు వాడకంలో ఉంటే దాన్ని ముందు దింపాలి. ఆ ఆజ్ఞ ‘యుమౌంట్’. ఇంగ్లీషు అన్‌మౌంట్‌లో ఉండాల్సిన మొదటి ‘ఎన్’ ఇందులో ఉండదు. చాలామంది అక్కడే తప్పు కొడతారు. ఎక్కించి ఉన్న డిస్కు మీద ఫైల్ సిస్టమ్ వేయమంటే యంత్రం ఒప్పుకోదు. అది మంచికే.

అసలు ఆజ్ఞ

ఫైల్ సిస్టమ్ తయారుచేసే ఆజ్ఞ పేరు ‘ఎంకెఎఫ్‌ఎస్’. మేక్ ఫైల్ సిస్టమ్ అన్న మాటలను కుదించి పెట్టిన పేరు. నిజానికి ఇది మేస్త్రీ లాంటిది. తను పని చేయదు, ఏ రకం కావాలో చూసి ఆ పనివాణ్ణి పిలుస్తుంది. ఎక్స్‌ట్4 అయితే ‘ఎంకెఎఫ్‌ఎస్.ఎక్స్‌ట్4’, ఫ్యాట్ అయితే ‘ఎంకెఎఫ్‌ఎస్.విఫ్యాట్’, ఎక్స్‌ఫ్యాట్ అయితే ‘ఎంకెఎఫ్‌ఎస్.ఎక్స్‌ఫ్యాట్’.

వెంటనే అసలు పని చేయకుండా ముందు ఉత్తుత్తి పని చేయించవచ్చు.

సుడో ఎంకెఎఫ్‌ఎస్.ఎక్స్‌ట్4 -ఎన్ /డెవ్/ఎస్‌డిబి1

‘సుడో’ అంటే ఇది పెద్ద అధికారంతో చేసే పని అని చెప్పడం. పాస్‌వర్డ్ అడుగుతుంది. కొట్టేటప్పుడు తెర మీద ఏమీ కనిపించకపోవచ్చు, భయపడకండి. ‘-ఎన్’ అంటే నిజంగా చేయకు, చేస్తే ఏమవుతుందో చెప్పు అని. ఇది చూశాక అంతా సరిగ్గా ఉంటే అసలు ఆజ్ఞ:

సుడో ఎంకెఎఫ్‌ఎస్.ఎక్స్‌ట్4 -పెద్ద ఎల్ హాస్టల్ /డెవ్/ఎస్‌డిబి1

‘-పెద్ద ఎల్’ తర్వాత రాసేది డిస్కుకు మనం పెట్టుకునే పేరు, అంటే లేబుల్. ఎక్స్‌ట్4లో 16 అక్షరాల దాకా పెట్టవచ్చు. దీన్ని అసలు మరవకండి. పేరు పెట్టని డిస్కు, చీటీ అంటించని ట్రంకు పెట్టె రెండూ ఒకటే.

ఆ భాగం మీద ముందే ఏదైనా ఫైల్ సిస్టమ్ ఉంటే యంత్రం ఆగి అడుగుతుంది. ‘ఇందులో ఫలానా రకం ఫైల్ సిస్టమ్ ఉంది, దాని లేబుల్ ఫలానా, అయినా ముందుకు పోవాలా?’ అని. జవాబుగా చిన్న ‘వై’, పెద్ద ‘ఎన్’ చూపిస్తుంది. ‘ఎన్’ పెద్దగా ఉండటానికి అర్థముంది. ఏమీ రాయకుండా ఎంటర్ కొడితే వద్దు అన్నట్టే లెక్క. మేము చదవకుండా దాటేసింది సరిగ్గా ఈ వాక్యమే. మా పాత డిస్కు పేరు అందులో అచ్చంగా రాసి ఉంది. ఫ్యాట్ వేసే ఆజ్ఞ అయితే ఈ ప్రశ్న కూడా అడగదు, అది గుర్తుంచుకోండి.

తర్వాత తెర మీద నడిచేది చూడండి. గ్రూపు పట్టికలకు చోటు కేటాయిస్తున్నాను, ఐనోడ్ పట్టికలు రాస్తున్నాను, జర్నల్ తయారుచేస్తున్నాను, సూపర్‌బ్లాకులు రాస్తున్నాను అని ఒక్కో వరుస వస్తుంది. ప్రతి వరుస చివర ‘అయింది’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాట కనిపిస్తుంది.

కొంచెం లెక్క

మన 500 జీబీ డిస్కునే తీసుకుందాం. ఎక్స్‌ట్4లో మామూలుగా ఒక గడి 4096 బైట్లు. అంటే సుమారు 12 కోట్ల 20 లక్షల గళ్ళు. ఒక గడిలో 4096ను 8తో గుణిస్తే వచ్చే 32,768 బిట్లు పడతాయి. ఒక్కో గడికి ఒక్కో బిట్ చొప్పున, ఒక బిట్‌మ్యాప్ గడి 32,768 గళ్ళకు హాజరు వేయగలదు. అవి కలిపితే 128 ఎంబీ. అందుకే డిస్కును 128 ఎంబీ చొప్పున గ్రూపులుగా విడదీస్తారు. మన డిస్కుకు దాదాపు 3,700 గ్రూపులు వస్తాయి.

ప్రతి 16,384 బైట్లకు ఒక ఐనోడ్ చొప్పున సుమారు 3 కోట్ల ఐనోడ్లు తయారవుతాయి. ఒక్కోటి 256 బైట్లు. కలిపితే 7.8 జీబీ దాకా ఆ పట్టికలకే పోతుంది. ఇది కాక 5 శాతం, అంటే 25 జీబీ, నిర్వాహకుడి కోసం పక్కన పెడతారు. డిస్కు పూర్తిగా నిండినా యంత్రం కదలడానికి అది పనికొస్తుంది. ఒట్టి ఫోటోలు దాచుకునే డిస్కుకు అంత అక్కర లేదు. ఆజ్ఞలో ‘-ఎం 1’ అని చేరిస్తే ఒక్క శాతమే ఆపుతుంది. పైగా కంపెనీవాళ్ళు జీబీ అంటే 100 కోట్ల బైట్లని లెక్కవేస్తారు. కంప్యూటర్లు చాలావరకు 1024 చొప్పున లెక్కిస్తాయి. ఆ లెక్కన 500 అన్నది 465గా కనిపిస్తుంది. కొత్త డిస్కు కొన్నప్పుడు ‘దుకాణంవాడు మోసం చేశాడు’ అని పోట్లాటకు పోకండి!

గద్వాల చీర నేసే ఇంట్లో పడుగు సాగదీయడం చూశారా? పోగులెన్నో, వెడల్పెంతో పడుగు దగ్గరే తేలిపోతుంది. సగం నేశాక మార్చుకోవడం కుదరదు. ఐనోడ్ల నిష్పత్తి కూడా అంతే, తయారుచేసేటప్పుడే ఖాయమవుతుంది. ఆపి ఉంచే శాతాన్ని, లేబుల్‌ను మాత్రం తర్వాత ‘ట్యూన్2ఎఫ్‌ఎస్’ అనే ఆజ్ఞతో మార్చుకోవచ్చు.

తయారయ్యాక

ఫైల్ సిస్టమ్ వేసినంత మాత్రాన వాడలేం. ‘మౌంట్’ ఆజ్ఞతో దాన్ని ఒక ఫోల్డర్‌కు తగిలించాలి. తెరిచి చూస్తే ‘లాస్ట్ అండ్ ఫౌండ్’ అనే అర్థం వచ్చే ఒక ఫోల్డర్ ముందే ఉంటుంది. అది వైరస్ కాదు. డిస్కు పరీక్షలో ఊరూ పేరూ తెలియని ముక్కలు దొరికితే వాటిని అందులో వేస్తారు. కొత్త డిస్కులో ఏదైనా రాయబోతే ‘అనుమతి లేదు’ అనవచ్చు. దాని యజమాని ఇంకా నిర్వాహకుడే కాబట్టి అలా అంటుంది. ‘చౌన్’ ఆజ్ఞతో యాజమాన్యాన్ని మీ పేరు మీదికి మార్చుకోవాలి. ఒక రకంగా పట్టా మార్పిడి.

కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ డిస్కు తనంత తాను ఎక్కాలంటే ‘ఎఫ్‌ఎస్‌ట్యాబ్’ అనే ఫైలులో రాయాలి. అక్కడ ఎస్‌డిబి1 అని రాయకండి. ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు. ప్రతి ఫైల్ సిస్టమ్‌కూ పుట్టినప్పుడే యూయూఐడి అనే పొడవాటి నంబరు వస్తుంది, మనకు ఆధార్ నంబరు లాగ. ‘బిఎల్‌కెఐడి’ ఆజ్ఞ కొడితే అది కనిపిస్తుంది. దాన్నే రాయాలి.

మరి ఆ ఫోటోలు ఏమయ్యాయి?

పొరపాటు తెలిసిన క్షణాన మేము చేసిన ఒకే ఒక మంచి పని, డిస్కును మౌంట్ చేయకుండా అలాగే ఊడదీయడం. ఇది ఎందుకు మంచిదంటే, ఫార్మాట్ అయినప్పుడు పహాణీ కొత్తది వస్తుంది గాని భూమిలో పైరు వెంటనే పోదు. కొత్త పట్టికలు, జర్నల్ రాసిన చోట ఉన్నవి పోతాయి. మిగతా గళ్ళలో పాత ఫోటోల బైట్లు అలాగే పడి ఉంటాయి, దారి చూపేవాళ్ళు మాత్రం ఉండరు. ఎక్స్‌ట్4లో ఐనోడ్ పట్టికలను శుభ్రం చేసే పని చాలావరకు మౌంట్ అయ్యాక వెనక నుంచి నడుస్తుంది. మౌంట్ చేసి ఉంటే ఇంకా ఎక్కువ పోయేవి. మాది తిరిగే పళ్ళెమున్న పాత రకం డిస్కు కావడం కూడా కలిసొచ్చింది. ఎస్‌ఎస్‌డి అయితే, ఫార్మాట్ సమయంలోనే ‘ఈ గళ్ళన్నీ ఇక అక్కర లేదు’ అని లినక్స్ దానికి చెప్పేస్తుంది. అప్పుడు తిరిగి దొరకడం దాదాపు అసాధ్యం.

‘ఫోటోరెక్’ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. అది పహాణీని చూడదు, చెలకలో దిగి ఒక్కో గడినీ తడిమి చూస్తుంది. జేపెగ్ ఫోటో ఏదైనా ‘ఎఫ్‌ఎఫ్ డి8 ఎఫ్‌ఎఫ్’ అనే బైట్లతో మొదలవుతుంది. ఆ గుర్తు కనబడిన చోటల్లా ఫోటో ఉన్నట్టు లెక్కేసి బయటికి తీస్తుంది. తీసినవాటిని అదే డిస్కులో కాకుండా వేరే డిస్కులో దాచాలి. మేము రాత్రంతా కూర్చున్నాం. తెల్లారేసరికి సగానికి పైగా ఫోటోలు బయటపడ్డాయి. కాని ఒక్కదానికీ పాత పేరు లేదు. ఫోల్డర్లు లేవు, ఏ సంవత్సరపు వార్షికోత్సవమో చెప్పే గుర్తు లేదు. ఒట్టి నంబర్లే. పేర్లుండేది డైరెక్టరీలో అని పైన చెప్పాం కదా, అది పోయింది.

ఆ తర్వాత హాస్టల్ తమ్ముళ్ళు పదిమంది కూర్చుని, స్టేజీ మీది బ్యానర్ చూసి, యూనిఫాం రంగు చూసి, ముఖాలు గుర్తుపట్టి, ఒక్కోదానికీ మళ్ళీ పేరు పెట్టారు. వాళ్ళకు ఈ సంచిక ద్వారా మా కృతజ్ఞతలు. ధ్రువీకరణ పత్రాల స్కానింగ్‌లు చాలా పోయాయి. వాటి అసలు కాగితాలు ఉన్నవాళ్ళను పిలిచి మళ్ళీ స్కాన్ చేశాం.

ఆ అమ్మ ఫోటో మూడో రోజు దొరికింది. పై సగమే ఉంది. ముఖం, భుజం, పక్కన స్టేజీకి కట్టిన మామిడాకులు కనిపిస్తున్నాయి. కొంగు దగ్గర నుంచి కిందంతా బూడిద రంగు. ఆ కింది గళ్ళ మీద కొత్త పట్టికలు వచ్చి పడ్డాయి. మా మిత్రుడు చాలాసేపు చూసి, ‘ముఖం ఉంది, చాలు’ అన్నాడు. మేము ఏమీ మాట్లాడలేకపోయాం.

మేము నేర్చుకున్నది

మాలో ఒకరి తాత, అప్పు కాగితం అనుకుని ఒక కాగితం మీద వేలిముద్ర వేశాడు. అది అమ్మకం కాగితమని ఏళ్ళ తర్వాత తెలిసింది. రెండెకరాలు పోయాయి. ఆయనకు చదువు రాదు, ఆయన తప్పు లేదు. ఆ కథ వింటూ పెరిగినవాళ్ళం, ఇంట్లో మొదటి పట్టా తెచ్చుకున్నవాళ్ళం, తెర మీద స్పష్టంగా రాసి ఉన్న ఒక్క వాక్యం చదవకుండా ‘వై’ నొక్కాం. అది కూడా వేలిముద్రే. ఇంగ్లీషు కనబడగానే ‘మనకెందుకులే, సరే అని నొక్కేద్దాం’ అనే అలవాటు మనలో చాలామందికి ఉంది. దాన్ని మానుకోవాలి. అర్థం కాకపోతే ఆగండి, పక్కవాళ్ళను అడగండి, మాట మాట విడదీసి చదవండి. యంత్రం ఎంతసేపైనా ఆగుతుంది.

చివరగా ఈ ఐదు మాటలు గుర్తుంచుకోండి:

1. ఒకే చోట ఉన్నదాన్ని భద్రంగా ఉన్నట్టు లెక్కవేయకండి. రెండు డిస్కుల్లో రెండు కాపీలు ఉండాలి, వీలైతే ఒకటి వేరే ఊళ్ళో ఉండాలి.

2. ఆజ్ఞ కొట్టే ముందు ఆ క్షణాన మళ్ళీ ‘ఎల్‌ఎస్‌బిఎల్‌కె’ చూడండి. నిన్నటి కాగితాన్ని నమ్మకండి.

3. పనిలేని డిస్కులు ఊడదీయండి. ప్రతి డిస్కుకూ లేబుల్ పెట్టండి, పైన చీటీ కూడా అంటించండి.

4. ముందు ‘-ఎన్’తో ఉత్తుత్తి పని చేసి చూడండి. యంత్రం ప్రశ్న అడిగితే పైకి చదివి, ఇంకొకరికి వినిపించి, అప్పుడు జవాబివ్వండి.

5. పొరపాటు జరిగితే వెంటనే ఆపండి. ఆ డిస్కు మీద ఇంకేమీ రాయకండి.

ఇప్పుడు హాస్టల్ ఫోటోలు మూడు డిస్కుల్లో ఉన్నాయి. ఒకటి హాస్టల్‌లో, ఒకటి వనపర్తిలో మా మిత్రుడి ఇంట్లో, ఒకటి నాగర్‌కర్నూల్‌లో. మూడింటికీ లేబుళ్ళు పెట్టాం. ఎవరైనా తమ్ముడు గాని చెల్లెలు గాని ఈ పని నేర్చుకోవాలనుకుంటే సెలవుల్లో మేము వచ్చినప్పుడు పాత పెన్‌డ్రైవ్ ఒకటి తెచ్చుకోండి. దాని మీద ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా పోయేదేమీ ఉండకూడదు, అదొక్కటే షరతు. కూర్చుని నేర్పిస్తాం.